ఐఫోన్ 17 ప్రో మ్యాక్సా, గెలాక్సీ ఎస్25 అల్ట్రానా? తరచుగా అడిగే ప్రశ్నలు

మా చుట్టాల్లో గానీ ఆఫీసులో గానీ ఎవరైనా లక్ష దాటిన ఫోన్ కొనాలనుకుంటే ముందు నన్నే అడుగుతారు. ఈ మధ్య అందరిదీ ఒకటే ప్రశ్న. యాపిల్ వాళ్ళ ఐఫోన్ 17 ప్రో మ్యాక్స్ తీసుకోవాలా, శాంసంగ్ వాళ్ళ గెలాక్సీ ఎస్25 అల్ట్రా తీసుకోవాలా అని. ఇంత డబ్బు పెట్టే మనిషికి "రెండూ మంచివేలెండి" అని చెప్పి పంపేయడం నాకు మనసొప్పదు. అందుకే మళ్ళీ మళ్ళీ వచ్చిన ప్రశ్నలన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

అన్నా, ముందు ఒక్క ముక్కలో చెప్పు. ఏది కొనాలి?

మీ ఇంట్లో మిగతావాళ్ళ చేతుల్లో ఏముందో అది. ఇది తప్పించుకునే జవాబు కాదు. ఈ రెండు ఫోన్లలో దేన్ని కొన్నా స్పీడు చాలక ఇబ్బంది పడేవాళ్ళు ఉండరు. ఐఫోన్‌లో ఏ19 ప్రో, అల్ట్రాలో స్నాప్‌డ్రాగన్ 8 ఎలైట్ చిప్పులు ఉన్నాయి. మనం చేసే పనులకి రెండూ ఎక్కువే. రోజూ విసుగు పుట్టించేవి వేరే ఉంటాయి. పెళ్ళి ఫొటోలు ఇంట్లో అందరికీ ఎలా పంపాలి, ఫోన్ పాడైతే మీ ఊళ్ళో ఎవరు బాగుచేస్తారు, అర్ధరాత్రి ఏదో ఆగిపోతే ఎవరిని అడగాలి, ఇవీ అసలు సమస్యలు. భార్యాపిల్లలందరి దగ్గరా ఐఫోన్లు, ఇంట్లో ఒక మ్యాక్‌బుక్ ఉంటే ఐఫోన్ తీసుకోండి. ఇంట్లో అందరూ ఆండ్రాయిడ్ మీద ఉండి, మీకు రెండు సిమ్‌లు, కాల్ రికార్డింగ్ కావాలంటే అల్ట్రా తీసుకోండి. ఈ రెండు గుంపుల్లోనూ లేనివాళ్ళకే కింద రాసినదంతా.

ధరలో తేడా ఎంత?

ఎస్25 అల్ట్రాని 2025 జనవరి 22న ప్రకటించారు. 256 జీబీ మోడల్ మన దేశంలో రూ. 1,29,999కి మొదలైంది. ఐఫోన్ 17 ప్రో మ్యాక్స్‌ని 2025 సెప్టెంబర్ 9న ప్రకటించారు, 19 నుంచి అమ్మారు. అదే 256 జీబీ రూ. 1,49,900. అంటే విడుదల ధరల్లోనే దాదాపు 20 వేల తేడా.

బజారులో మాత్రం తేడా ఇంకా పెరుగుతుంది. శాంసంగ్ ఫోన్ల ధర నెలలు గడిచేకొద్దీ దిగుతుంది. పండగ ఆఫర్లు, బ్యాంకు కార్డు తగ్గింపులు, పాత ఫోన్ ఎక్స్ఛేంజీ కలిపితే బాగానే తగ్గుతుంది. ఐఫోన్ ప్రో మోడళ్ళు అంత తేలిగ్గా దిగవు. కానీ అమ్మే రోజు వచ్చేసరికి ఆ లెక్క తిరగబడుతుంది. పాత ఐఫోన్‌కి వచ్చినంత డబ్బు పాత అల్ట్రాకి రాదు. రెండేళ్ళకొకసారి ఫోన్ మార్చేవాళ్ళకి ఐఫోన్ మీద పెట్టిన అదనపు డబ్బులో చాలా భాగం వెనక్కి వస్తుంది. ఐదారేళ్ళు వాడి పిల్లలకి ఇచ్చేసేవాళ్ళకి ఈ లెక్కతో పనిలేదు, ఇవాళ తక్కువకి వచ్చేదే లాభం.

బాక్సులో చార్జర్ ఉండదు, కేబుల్ ఒక్కటే వస్తుంది. చార్జర్, కేసు, స్క్రీన్ గార్డు కలిపి ఇంకొన్ని వేలు పక్కన పెట్టుకోండి.

నో కాస్ట్ ఈఎంఐ అంటే నిజంగా వడ్డీ లేదా?

వడ్డీ ఉంటుంది. బ్యాంకు మామూలుగానే వడ్డీ వేస్తుంది. ఆ వడ్డీకి సరిపడా మొత్తాన్ని షాపువాడో కంపెనీయో ధరలో ముందే తగ్గిస్తారు. అంతవరకూ నిజాయితీగానే ఉంటుంది. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి, చాలా బ్యాంకులు ప్రాసెసింగ్ ఫీజు కూడా తీసుకుంటాయి. ఒక్కోసారి నో కాస్ట్ ఈఎంఐ తీసుకుంటే క్యాష్ డిస్కౌంట్ ఇవ్వరు. నాకు ఒకసారి అలాగే జరిగింది. ఇంటికొచ్చి బిల్లు చూసుకున్నాక తెలిసింది, పక్కనాయన అదే ఫోన్ ఒకేసారి డబ్బు కట్టి నాకంటే నాలుగు వేలు తక్కువకి పట్టుకెళ్ళాడని. అప్పటినుంచి షాపులో మొట్టమొదట అడిగేది ఒకటే: "మొత్తం ఇప్పుడే కడితే ఎంత? ఈఎంఐలో చివరికి ఎంత అవుతుంది?" రెండు అంకెలూ కాగితం మీద రాయించుకోండి.

కెమెరా ఎవరిది బాగుంటుంది?

అందరూ ఎక్కువగా అడిగేది ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

అంకెలు చూస్తే అల్ట్రాలో 200 మెగాపిక్సెల్ మెయిన్ కెమెరా, ఎక్కువ వెడల్పు పట్టే 50 మెగాపిక్సెల్ అల్ట్రావైడ్, మూడు రెట్లు దగ్గరకి తెచ్చే 10 మెగాపిక్సెల్ ఒకటి, ఐదు రెట్లు తెచ్చే 50 మెగాపిక్సెల్ ఇంకొకటి ఉన్నాయి. ఐఫోన్‌లో వెనక మూడు కెమెరాలూ 48 మెగాపిక్సెల్‌వే. జూమ్ నాలుగు రెట్లు. సెన్సర్ మధ్య భాగాన్ని మాత్రం వాడుకుని ఎనిమిది రెట్లకీ మంచి ఫొటో ఇస్తుంది. 200 అనే అంకె చూసి మురిసిపోకండి. మామూలుగా తీస్తే అల్ట్రా కూడా చుట్టుపక్కల పిక్సెళ్ళని కలిపి 12 మెగాపిక్సెల్ ఫొటోనే ఇస్తుంది.

వాడకంలో నాకు కనిపించిన తేడాలు చెబుతాను. స్కూల్ వార్షికోత్సవంలో ఎనిమిదో వరుసలో కూర్చుని స్టేజీ మీద పాప డాన్సు ఫొటో తీయాలంటే, కొండపల్లి ఖిల్లా మీంచి దూరంగా ఉన్నది పట్టుకోవాలంటే, గుడి గోపురం మీద బొమ్మల్ని విడిగా తీయాలంటే అల్ట్రా చేతిలో ఉండటం హాయి. దూరం పెరిగేకొద్దీ దాని పైచేయి తెలుస్తుంది. అదే పిల్లలు పరిగెడుతుంటే వీడియో తీయడం, పెళ్ళిలో తలంబ్రాల హడావిడిలో లైటు మారిపోతున్నా రంగు తప్పకుండా పట్టడం ఐఫోన్ బాగా చేస్తుంది. యూట్యూబ్‌కో ఇన్‌స్టాకో పని చేసేవాళ్ళు, షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్ళు ఐఫోన్ అంటే మొగ్గు చూపడానికి కారణం అదే. అల్ట్రాలో 8కే వీడియో ఉంది గానీ, ఆ ఫైళ్ళు దాచుకునే చోటుండదు, చూసే టీవీ కూడా చాలామంది ఇళ్ళలో లేదు.

మొహం రంగు గురించి కూడా చెప్పాలి. మన చామనఛాయని రెండూ ఇప్పుడు మునుపటికంటే మర్యాదగానే చూపిస్తున్నాయి. అయినా శాంసంగ్ ఆకాశాన్ని, పట్టుచీరని కాస్త ముదురు చేస్తుంది. ఐఫోన్ ఉన్నదున్నట్టు ఉంచడానికి చూస్తుంది. చూడగానే అందంగా ఉండాలనుకునేవాళ్ళకి మొదటిది, ఇరవై ఏళ్ళ తర్వాత ఆల్బమ్ తెరిస్తే ఆరోజు ఎలా ఉందో అలా కనిపించాలనుకునేవాళ్ళకి రెండోది. నాకు రెండోదే ఇష్టం.

ఐఫోన్ ముందు కెమెరాలో ఒక మంచి మార్పు వచ్చింది. ఫోన్‌ని నిలువుగానే పట్టుకుని అడ్డంగా సెల్ఫీ తీసుకోవచ్చు. పదిమంది చుట్టాలు నిలబడితే చివరి మనిషి మొహం సగం తెగిపోయే బాధ ఉండదు.

మా విజయవాడ ఎండలకి ఏది తట్టుకుంటుంది?

నిజం చెప్పాలంటే ఏ ఫోన్‌నీ మన మే నెల కోసం తయారు చేయలేదు. ఐఫోన్‌ని 35 డిగ్రీల వరకు ఉన్న వాతావరణంలో వాడుకోమని యాపిలే చెబుతుంది. రెంటచింతలలో, రామగుండంలో, విజయవాడలో వేసవి మధ్యాహ్నం ఆ అంకె ఎప్పుడో దాటిపోతుంది. శాంసంగ్‌దీ ఇంచుమించు అదే కథ. వేడెక్కితే స్క్రీన్ వెలుగు దానంతట అదే తగ్గుతుంది, చార్జింగ్ నెమ్మదిస్తుంది, ఆగిపోతుంది కూడా. ఫోన్ పాడైందని కంగారు పడకండి, తనని తాను కాపాడుకోవడానికే అలా చేస్తుంది.

ఈసారి ఐఫోన్ ప్రోలో టైటానియం తీసేసి అల్యూమినియం పెట్టారు. అల్యూమినియం వేడిని త్వరగా బయటికి పంపుతుంది. లోపల నీటి ఆవిరితో పనిచేసే వేపర్ చాంబర్ కూడా పెట్టారు. శాంసంగ్‌లో అది ముందునుంచే ఉంది, ఎస్25 అల్ట్రాలో ఇంకా పెద్దది చేశారు. అంటే ఈ విషయంలో ఇప్పుడు ఇద్దరూ దాదాపు సమానం. మీరు చేయగలిగింది ఒకటుంది: బండి మీద ఎండలో మ్యాప్ పెట్టుకుని వెళ్తూ అదే సమయంలో చార్జింగ్ పెట్టకండి. బ్యాటరీ ఆయుష్షు తగ్గేది అక్కడే.

ఎండలో స్క్రీన్ కనిపించడం గురించి అయితే అల్ట్రాకే నా ఓటు. దాని మీది గొరిల్లా ఆర్మర్ 2 గాజు ప్రతిబింబాలని బాగా చంపేస్తుంది. ఐఫోన్ కూడా ఈసారి ఆ దారిలోకి వచ్చింది గానీ, రెండూ పక్కపక్కన పెట్టి ఆకాశం కింద చూస్తే అల్ట్రా స్క్రీనే నల్లగా, స్పష్టంగా ఉంటుంది.

బ్యాటరీ?

రెండూ ఒక రోజు నిశ్చింతగా వస్తాయి. ఐఫోన్ కాస్త ఎక్కువే వస్తుంది.

తెలుగులో వాడుకోవడానికి ఏది నయం?

టైపింగ్‌కి రెండింట్లోనూ తెలుగు కీబోర్డు ఉంది. గూగుల్ వాళ్ళ కీబోర్డు జీబోర్డు వేసుకుంటే ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు తెచ్చుకోవడం రెండింట్లోనూ కుదురుతుంది. మాట్లాడి పని చేయించుకోవడంలోనే అసలు తేడా. గూగుల్ వాళ్ళ ఏఐ సహాయకుడు జెమినై 2024 నుంచి తెలుగులో మాట్లాడుతోంది. అల్ట్రాలో పక్క బటన్ నొక్కి పట్టుకుంటే నేరుగా అదే వస్తుంది. ఐఫోన్‌లో కూడా జెమినై యాప్ దించుకోవచ్చు, కానీ ఫోన్ ఒంట్లో కలిసిపోయినట్టు ఉండదు. యాపిల్ సొంత ఏఐ అయిన యాపిల్ ఇంటెలిజెన్స్ భాషల్లో 2025 చివరికి కూడా తెలుగు లేదు. ఎనిమిది కోట్ల పైచిలుకు మంది మాట్లాడే భాషకి ఇంకా చోటు దొరకలేదంటే నాకు బాధగానే ఉంటుంది.

ఇక్కడ ఒక పాత సంగతి గుర్తొస్తుంది. 2018 ఫిబ్రవరిలో తెలుగు "జ్ఞా"ని ఒక ప్రత్యేక పద్ధతిలో రాసి పంపితే ఐఫోన్లు కుప్పకూలిపోయేవి. ఆ అక్షరం ఉన్న మెసేజ్ వస్తే యాప్ తెరుచుకునేది కాదు. యాపిల్ అదే నెల 19న ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేసింది. ప్రపంచమంతా మన ఒత్తు గురించి మాట్లాడుకున్న వారం అది. మన లిపి ఎంత జాగ్రత్తగా చూసుకోవాల్సినదో అప్పుడైనా కంపెనీలకి తెలిసి ఉంటుంది.

రెండు సిమ్‌లు, రెండు వాట్సాప్‌లు, కాల్ రికార్డింగ్ కావాలి. ఏం చేయాలి?

ఈ మూడూ నిజంగా కావాలంటే ఇంకేం ఆలోచించకండి, అల్ట్రానే. మన దేశంలో అమ్మే అల్ట్రాలో రెండు మామూలు సిమ్‌లు పడతాయి, ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్ లోపలే ఉండే సిమ్) అదనం. ఇక్కడ అమ్మే ఐఫోన్‌లో ఒక మామూలు సిమ్, రెండోది ఈసిమ్. వాట్సాప్ 2023 నుంచి ఆండ్రాయిడ్‌లో ఒకే యాప్‌లో రెండు నంబర్లు ఒప్పుకుంటోంది. ఐఫోన్‌లో చాలామంది రెండో నంబరుకి వాట్సాప్ బిజినెస్ వేసుకుంటారు.

కాల్ రికార్డింగ్ ఐఫోన్‌లోనూ 2024 నుంచి ఉంది, కానీ రికార్డు మొదలవగానే అవతలి మనిషికి వినపడేలా ప్రకటన వస్తుంది. శాంసంగ్‌లో ప్రకటన లేకుండా దానంతట అదే రికార్డు అయ్యేలా పెట్టుకోవచ్చు. రియల్ ఎస్టేట్, కాంట్రాక్టు పనులు చేసేవాళ్ళు ఈ ఒక్క కారణంతోనే శాంసంగ్ వదలరు. రికార్డు చేస్తున్నామని ఎదుటివాళ్ళకి ముందే చెప్పడం మర్యాద అని మాత్రం నేను గట్టిగా నమ్ముతాను.

షాపులో మిషన్ మీద ఫోన్ తాకించి కార్డు డబ్బులు కట్టడం కూడా శాంసంగ్ వాలెట్‌తో ఇక్కడ జరుగుతుంది. యాపిల్ పే 2025 చివరికి కూడా మన దేశానికి రాలేదు. యూపీఐ అయితే రెండింట్లోనూ ఒకటే.

అమెరికా నుంచి, గల్ఫ్ నుంచి తెప్పించుకుంటే లాభమా?

ఐఫోన్ విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. అమెరికాలో అమ్మే ఐఫోన్లకి ఐఫోన్ 14 నుంచే సిమ్ పెట్టే చోటు లేదు, ఈసిమ్ మాత్రమే. 17 ప్రో మోడళ్ళకి వచ్చేసరికి యూఏఈ, సౌదీ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్‌లలో కూడా అంతే.

మా బావగారు డాలస్ నుంచి వస్తూ మా నాన్నగారికి ఐఫోన్ తెచ్చారు. ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. నాన్నగారు సిమ్ అరచేతిలో పెట్టుకుని ఫోన్ నాలుగు వైపులా తిప్పి చూస్తూ "ఇది ఎక్కడ పెట్టాలిరా?" అన్నారు. మర్నాడు ఈసిమ్‌గా మార్పించాం. దాంతో 24 గంటలు ఆ నంబరుకి ఎస్ఎంఎస్‌లు రాలేదు. మోసాలు జరగకుండా పెట్టిన నియమం అది, మంచిదే. కానీ ఆ విషయం మాకు ఎవరూ ముందు చెప్పలేదు. ఆరోజే ఆయనకి బ్యాంకు ఓటీపీ అవసరమైంది. పెద్దవాళ్ళు పడే టెన్షన్ ఎలా ఉంటుందో మీకు తెలుసు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మామూలు సిమ్ అయితే ఫోన్ పగిలిన రోజున తీసి పాత ఫోన్‌లో పెట్టుకుంటాం, అయిదు నిమిషాల పని. ఈసిమ్‌తో అది కుదరదు. అమెరికా అల్ట్రాకి ఒక సిమ్ పెట్టే చోటు ఉంది కాబట్టి ఆ సమస్య లేదు. ఏ ఫోనైనా వేరే దేశంలో కొంటే వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో కొనకముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. మిగిలేది పది, పదిహేను వేలే అయితే నేను ఇక్కడే బిల్లుతో కొంటాను.

ఎన్నేళ్ళు వస్తాయి?

శాంసంగ్ ఏడేళ్ళు ఆండ్రాయిడ్ అప్‌డేట్లు, సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని మాటిచ్చింది. యాపిల్ ఇన్నేళ్ళని పెట్టె మీద రాయదు, కానీ చేసి చూపించింది. 2019లో వచ్చిన ఐఫోన్ 11కి 2025లో ఐఓఎస్ 26 వచ్చింది. రెండింట్లోనూ మూడు నాలుగేళ్ళకి బ్యాటరీ మార్పించుకోవాల్సి రావచ్చు. ఆ ఖర్చుకి భయపడి ఫోనే మార్చేయకండి, కొత్త బ్యాటరీతో అది ఇంకో రెండేళ్ళు నడుస్తుంది.

పాడైతే మా ఊళ్ళో చేయించుకోగలమా?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళు తక్కువ, అడగాల్సినవాళ్ళు ఎక్కువ. యాపిల్ సొంత స్టోర్లు ముంబయి, ఢిల్లీలో 2023 ఏప్రిల్‌లో, బెంగళూరు, పుణెల్లో 2025 సెప్టెంబర్‌లో తెరిచారు. హైదరాబాద్‌లో 2025 చివరికి కూడా లేదు. యాపిల్ అనుమతి ఉన్న సర్వీస్ సెంటర్లు పెద్ద ఊళ్ళలో ఉన్నాయి. శాంసంగ్ సర్వీసు మాత్రం జిల్లా కేంద్రాల దాకా, కొన్నిచోట్ల ఇంకా చిన్న ఊళ్ళకీ వెళ్ళింది. మీరు ఉండేది శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో అయితే, కొనే ముందు దగ్గర్లోని సెంటర్‌కి ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడగండి: ఈ మోడల్ స్క్రీన్ మార్చడానికి ఎంత అవుతుంది, ఎన్ని రోజులు పడుతుంది? ఆ జవాబు విన్నాక చాలామంది అదనపు ప్రొటెక్షన్ ప్లాన్ తీసుకున్నారు. ఈ ధర ఫోన్లకి దాన్ని దండగ అనను.

నీళ్ళ గురించి కూడా చెబుతాను. రెండింటికీ ఐపీ68, అంటే నీళ్ళు, దుమ్ము తట్టుకునే రేటింగ్, ఉంది. ఐఫోన్‌ని 6 మీటర్ల లోతులో, అల్ట్రాని 1.5 మీటర్ల లోతులో అరగంట పరీక్షించామని కంపెనీలు చెబుతాయి. అయినా నీళ్ళు లోపలికి పోయి పాడైతే మామూలు వారంటీ వర్తించదు. గోదావరిలో స్నానం చేసేటప్పుడు ఫోన్ ఒడ్డునే ఉంచండి.

ఐఫోన్ ప్రో అల్యూమినియం టైటానియం కంటే మెత్తన. వెనక కెమెరా గట్టు అంచుల దగ్గర రంగు లేస్తోందని కొన్నవాళ్ళలో కొందరు చూపించారు. కేసు వేస్తే సరిపోతుంది.

వాట్సాప్ చాట్‌లు ఒకదాన్నుంచి ఇంకోదానికి వస్తాయా?

వస్తాయి. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి మూవ్ టు ఐఓఎస్ యాప్‌తో, ఐఫోన్ నుంచి శాంసంగ్‌కి స్మార్ట్ స్విచ్‌తో కేబుల్ కలిపి మార్చుకోవాలి. కొత్త ఫోన్‌ని పూర్తిగా సెటప్ చేయకముందే ఈ పని మొదలుపెట్టండి. ముందు వాడేసి తర్వాత చూద్దాంలే అనుకుంటే మళ్ళీ రీసెట్ కొట్టాల్సి రావచ్చు. అమ్మ వాయిస్ మెసేజ్‌ల వంటివి పోతే ఏ డబ్బూ తిరిగి తేలేదు. కాబట్టి పాత ఫోన్‌ని కనీసం రెండు వారాలు అమ్మకుండా ఉంచండి.

అల్ట్రాతో వచ్చే ఎస్ పెన్ (స్క్రీన్ మీద రాసే పెన్ను) పనికొస్తుందా?

పాఠాలు చెప్పేవాళ్ళకి, పీడీఎఫ్ మీద సంతకాలు పెట్టేవాళ్ళకి, చేత్తో తెలుగు రాసుకోవడం ఇష్టమైనవాళ్ళకి చాలా. ఈ మోడల్‌లో పెన్నులోని బ్లూటూత్ తీసేశారు. పెన్ను బటన్ నొక్కి దూరం నుంచి ఫొటో తీసుకోవడం ఇక కుదరదు. మిగతావాళ్ళు మొదటి వారం ఆడుకుని మర్చిపోతారు.

ఇప్పుడు కొనాలా, ఆగాలా?

శాంసంగ్ పెద్ద ఫోన్లు సాధారణంగా ఏడాది మొదటి రెండు నెలల్లో వస్తాయి, ఐఫోన్లు సెప్టెంబర్‌లో. కొత్తది రాగానే పాత అల్ట్రా బాగా చవకవుతుంది, అప్పుడు పట్టుకోవడం తెలివైన పని. ఐఫోన్ ప్రో మోడళ్ళని మాత్రం కొత్తవి రాగానే యాపిల్ తన స్టోరులో అమ్మడం మానేస్తుంది. మిగతా షాపుల్లో ఉన్న స్టాకు అయిపోయేదాకానే దొరుకుతాయి. చేతిలో ఉన్న ఫోన్ బాగానే నడుస్తుంటే ఆగండి, పగిలిపోయి ఉంటే ఆగకండి.

సెకండ్ హ్యాండ్ తీసుకుందామనుకుంటున్నాం. ఏం చూడాలి?

ఆబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో తీసుకున్నా, తెలిసినవాళ్ళ దగ్గర తీసుకున్నా ముందు ఐఎంఇఐ (ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు నంబరు) చూడండి. *#06# కొడితే నంబరు వస్తుంది. బిల్లు మీది నంబరుతో పోల్చండి. తర్వాత ఇంగ్లిష్ అక్షరాల్లో కేవైఎం అని టైపు చేసి, ఖాళీ వదిలి ఆ నంబరు రాసి 14422కి ఎస్ఎంఎస్ పంపండి. దొంగిలించిందని బ్లాక్ చేసిన ఫోనైతే జవాబులో తెలిసిపోతుంది. రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులూ ఈ ఐఎంఇఐ నంబరు ఆధారంగానే పోయిన ఫోన్లు వెతికి తెచ్చి ఇస్తున్నారు. చివరగా, అమ్మే మనిషి మీ ఎదురుగానే తన యాపిల్ అకౌంట్ నుంచో, గూగుల్, శాంసంగ్ అకౌంట్ల నుంచో బయటికి వచ్చి ఫోన్ రీసెట్ చేయాలి. "ఇంటికెళ్ళి చేసి పాస్‌వర్డ్ పంపిస్తాను" అంటే డబ్బు చేతిలోంచి వదలకండి.